నూట తొంభై పాయలు

"చేతులు కాస్త పక్కన పెట్టుకోండి అమ్మమ్మా" అంది రూత మూడోసారి.

"పక్కన పెట్టుకోడానికి అవేమన్నా చెప్పులటే?" అంది ఫువాతినో. అల్లికశాలలో కూర్చున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు.

రూతకు నవ్వు రాలేదు. ఆమె కాగితంలో ఉన్న నియమం అది: ప్రశ్నలు అడిగేటప్పుడు మనిషి వేరే పనిలో ఉండకూడదు. మూడు వారాలుగా ఆ ఊళ్ళో డెబ్బై దాటిన ప్రతివాళ్ళ ముందూ అలాగే కూర్చుని, ముసలితనం మనిషిని ఏం చేస్తుందో రాసుకుంటోంది. దీవి రాజధాని అపియాలో పెద్ద చదువు చదువుతున్న పిల్ల. వాళ్ళ సొంత అమ్మమ్మది ఈ ఊరే కాబట్టి ఎవరూ కసురుకోలేదు. ఫువాతినో ఇరవై రెండో మనిషి. వయసు ఎనభై ఒకటి.

చివరికి ముసలామె ఒడిలోంచి చాప అంచు తీసి, కొసలు చిక్కుపడకుండా తడిగుడ్డ కప్పి, దానిమీద ఒక నున్నటి రాయి పెట్టింది. అది మామూలు చాప కాదు, సన్నచాప. మొగలి ఆకును ఉడికించి, పొరలు విడదీసి, సముద్రపు నీళ్ళలో నానేసి, ఎండలో తెల్లబరిచి, దారాల్లాంటి పాయలుగా చీల్చి అల్లే చాప. పెళ్ళికి, చావుకి, వంశపు పెద్దరికం కట్టబెట్టేటప్పుడు ఇంటి పరువంతా దానిమీదే ఉంటుంది. ఫువాతినో దాన్ని మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. ఇంకో రెండు జానలు మిగిలి ఉన్నాయి.

"ఈరోజు ఏ వారం?"

"బుధవారం."

ఆరోజు గురువారం. రూత సున్నా వేసింది. తేదీ కూడా ఒకటి తక్కువే చెప్పింది ముసలామె. దానికీ సున్నా.

"ఇందాక మూడు మాటలు చెప్పాను, గుర్తున్నాయా?"

"పడవ, గంట. మూడోది నీకు గుర్తుందిగా, మళ్ళీ నన్నెందుకు అడగడం?"

"వందలోంచి ఏడు తీసేస్తూ చెప్పండి."

"తొంభై మూడు, ఎనభై ఆరు..." ఫువాతినో ఆగిపోయింది. "చాలమ్మా. వందలో మొదలుపెట్టి ఇలా కిందకి దిగజారడం ఏం సరదా? పైకి ఎక్కేదేమన్నా ఉంటే అడుగు."

మళ్ళీ నవ్వులు. బొమ్మ చూసి బొమ్మ గీయమంటే ఆమె కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, పెన్సిల్‌ను కర్రలా పట్టుకుని ఏదో గీకింది. కంట్లో నరం ఎండిపోతోందని, దానికి మందు లేదని డాక్టర్లు ఏనాడో తేల్చేశారు. మొత్తం కూడితే, బుద్ధి బాగున్నట్టు లెక్కవేసే గీతకు ఒక్క మార్కు కిందుగా ఆగింది.

రెండో కాగితం తీసింది రూత. పాటల బృందం? మానేశాను. కమిటీ మీటింగులు? మానేశాను. వంట? మానేశాను. చుట్టాల ఇళ్ళకు వెళ్ళడం? పేకాట? పిల్లల్ని ఆడించడం? అన్నిటికీ అదే జవాబు, ఉప్పు అడిగితే లేదన్నంత తేలిగ్గా. 'మానేసింది' అన్న గడి నిండా టిక్కులు పడుతుంటే రూతకు లోపల్లోపల సంతోషం వేసింది. ఎందుకు వెయ్యదు? ముసలితనమంటే మనిషి లోకాన్ని కొంచెం కొంచెంగా వదులుకోవడం, లోకం మనిషిని వదులుకోవడం అని ఒక సిద్ధాంతం. కాదు, చివరిదాకా పది పనుల్లో మునిగి తేలేవాళ్ళే బాగా ముసలివాళ్ళవుతారని ఇంకోటి. వాళ్ళ మాస్టారిది మొదటి పక్షం. దానికి ఇంత చక్కని సాక్ష్యం మూడు వారాల్లో ఇదే దొరికింది.

చివర్న ఒక ప్రశ్న మిగిలింది: గత ఏడాదిలో కొత్తగా నేర్చుకున్నదేమిటి? డెబ్బై ఐదు దాటినవాళ్ళను ఇది అడగకపోయినా ఫరవాలేదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. రూత అడగలేదు.

ఆమె చేసిన తప్పు ఆ తర్వాతది. పేర్లు ఎవరికీ చూపించకూడదని విశ్వవిద్యాలయం వాళ్ళ నియమం. ఊళ్ళోకి వచ్చిన ఆరోగ్యపు కాగితం ఏదైనా మహిళా కమిటీ పెద్ద చూడకుండా బయటికి పోకూడదని ఊరి నియమం. ఊరి పిల్ల అనిపించుకోవాలన్న ఆశతో ఆ సాయంత్రం జాబితాను కమిటీ పెద్ద మకెరీతా చేతిలో పెట్టింది. గీత కింద పడ్డ పేర్లకు ఎర్ర చుక్కలున్నాయి. మకెరీతా పైనుంచి కిందకు చదివి, ఒక చుక్క దగ్గర వేలు ఆనించి, "మా అత్తా?" అంది. కాగితం మడిచి తిరిగి ఇచ్చేసింది.

*

శుక్రవారం చాపల తనిఖీ. నెలకోసారి ప్రతి ఆడదీ తన చాప పరిచి చూపించాలి. పోయిన నెలకంటే ఎంత పెరిగిందో మకెరీతా జానతో కొలుస్తుంది. యాభై ఏడేళ్ళ మనిషి. పదిహేనో ఏట నుంచి అల్లుతోంది. ఆ ఒడ్డున ఆమెను మించిన పనిమంతురాలు లేదని పక్క ఊళ్ళవాళ్ళే అంటారు. నోరు మాత్రం కరకు.

"పెరిగింది నాలుగు వేళ్ళు! నెలంతా ఏం చేశావే? మొగుడి తల దువ్వుతూ కూచున్నావా?" అని ఒకామెను కడిగేసి, ఇంకొకామె అంచు పట్టి, "ఇది చాపా, చేపల వలా?" అంది. తిట్లు తిన్నవాళ్ళూ నవ్వుతున్నారు. ఇంటినుంచి తెచ్చిన కోకో కప్పులు చేతులు మారుతున్నాయి.

ఫువాతినో ముందుకొచ్చేసరికి మకెరీతా గొంతు తగ్గింది. మేనత్తంటే ఆ దేశంలో తండ్రి అంత. ఎదురు మాట్లాడకూడదు. మకెరీతా జాన వెయ్యకుండా చాప అంచు దగ్గర కూర్చుంది. పదేసి పాయలు విడదీసి దారంతో ముడేస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అలా లెక్కపెట్టడం ఎవరూ చూడలేదు. చాప మొదలుపెట్టిన రోజే ఎన్ని పాయలో అందరిముందూ చెప్తారు. అక్కణ్ణించి చివరిదాకా అన్నే ఉండాలి. లెక్క తప్పితే బుద్ధి తప్పినట్టే అని అల్లికశాలలో సామెత. అందుకే ఎవరి లెక్కా ఎవరూ చూడరు.

గంటన్నర పట్టింది. కోకో చల్లారిపోయింది. రూత గుంజకు ఆనుకుని చూస్తూ కూర్చుంది.

"మొదలెట్టింది పన్నెండు వందలతో. ఇప్పుడు పదమూడు వందల తొంభై" అంది మకెరీతా. "నూట తొంభై ఎక్కువ వచ్చాయి అత్తా."

ఫువాతినో రాయిని కాస్త పక్కకు జరిపింది.

"ఎలా వచ్చాయో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎందుకు వచ్చాయో?"

"తెలుసు" అందామె మళ్ళీ. అంతే.

మకెరీతా లెక్కకోసం వేసిన దారాలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ కళ్ళలో కోపం లేదు. అది చూసి రూతకు ఇంకా బాధ వేసింది. "నవంబర్లో అన్నయ్యకు పెద్దరికం కడుతున్నారు. అంతమంది పెద్దల ముందు పరిచే చాప. లెక్క తప్పిన చాప పరిస్తే ఊరు మనల్ని ఏమంటుంది? నువ్వు ఇంక శ్రమపడకు. నేను తీసుకెళ్ళి, సోమవారం పొద్దున్నే తప్పు మొదలైన చోటిదాకా విప్పేసి, నేనే పూర్తిచేస్తాను. పేరు నీదే ఉంటుంది."

విప్పేయడం అంటే ఏమిటో అక్కడున్న ప్రతి ఆడదానికీ తెలుసు. నూట తొంభై పాయలు ఒక్కరోజున చేరవు. రెండేళ్ళ పనో, మూడేళ్ళ పనో పోతుంది. సన్నపాయ ఒకసారి విప్పితే చీలిపోతుంది, మళ్ళీ పనికిరాదు. ఎవరో "అయ్యో" అన్నారు. ఫువాతినో తడిగుడ్డ తీసి మడతపెట్టుకుంది. రాయి తీసుకుంది. చాప మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, లేచి, గుంజలు తడుముకుంటూ ఇంటిదారి పట్టింది.

మనిషి అంత నిమ్మళంగా పోవడం చూసి, బుద్ధి నిజంగానే పోయిందనుకున్నారు కొందరు. రూత మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఎర్ర చుక్క పెట్టిన చెయ్యి తనది.

*

ఆదివారం ఊరంతా తెల్లబట్టల్లో గుడికి పోతుంటే రూత ఫువాతినో ఇంటికి వెళ్ళింది. క్షమించమని అడగాలి. ఏమని అడగాలో దారంతా అనుకుంటూనే ఉంది. ముసలామె కూడా తెల్లగౌను వేసుకుని, తలకు నూనె రాసుకుని చాపమీద కూర్చుని ఉంది. ముందు నిన్న చుట్టాలు వండిపెట్టిన చేమదుంపలు, చల్లారిపోయి ఉన్నాయి.

"గుడికి వెళ్ళలేదా అమ్మమ్మా? ఆదివారం."

"మీకు ఆదివారం. నాకు శనివారం. విశ్రాంతి రోజు. పొయ్యి కూడా వెలిగించను."

రూతకు ఒక్క క్షణం పట్టింది. పదమూడేళ్ళ కిందట దేశం అంతర్జాతీయ తేదీ గీతకు అవతలికి గెంతింది. గురువారం పడుకుని లేచేసరికి శనివారం. మధ్యలో శుక్రవారం లేదు. అప్పుడు తనకు పన్నెండేళ్ళు, ఒకరోజు మాయమైపోయిందని గంతులేసింది. ఏడో రోజును పవిత్రంగా చూసుకునే కొందరు మాత్రం ఆ గెంతును ఒప్పుకోలేదు. ఏడు అంటే ఏడే, ప్రభుత్వం చెప్తే ఆరో రోజు ఏడో రోజు అవదు అన్నారు.

"అయితే మొన్న బుధవారం అన్నది..."

"బుధవారమేగా. మా లెక్కలో ఏ వారం అని నువ్వు అడిగితే గురువారం అని చెప్పేదాన్ని. నాకు రెండు లెక్కలూ వచ్చు. పడవ టైము మీ లెక్క, ప్రార్థన టైము నా లెక్క. నువ్వు ఈరోజు ఏ వారం అన్నావు. దేవుడి ఎదుట ఏది నిజమో అది చెప్పాను."

రెండు సున్నాలు రెండు మార్కులైపోయాయి. ఎర్ర చుక్క పోయింది. రూతకు ఏడుపొచ్చింది, సిగ్గొచ్చింది. "నా తప్పే అమ్మమ్మా, నా తప్పే. రేపే వెళ్ళి మకెరీతాకు చెప్తాను. మరి ఆ పాయల సంగతి? ఆవిడ అడిగితే మీరెందుకు చెప్పలేదు?"

"విశ్రాంతి రోజున పని మాటలు వద్దు. రేపు తెల్లారాక రా" అంది ఫువాతినో. చేమదుంప ఒకటి ఒలిచి చేతిలో పెట్టింది.

రూత తింది. అక్కడి ఇళ్ళన్నిటిలాగే ఆ ఇంటికి గుంజలే తప్ప గోడలు లేవు కాబట్టి, గుడిలోంచి పాట వినిపిస్తూనే ఉంది. ముసలామె పెదవులు దానితో పాటు కదిలాయి. పాటల బృందం మానేసినా ఒక్క చరణం కూడా తప్పలేదు.

*

సోమవారం ఇంకా ఎండెక్కకముందే వెళితే, ఫువాతినో గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో మణికట్ల దాకా చేతులు ముంచుకుని కూర్చుని ఉంది.

"దీనికి ఒక గంట కావాలి" అంది. "తర్వాత మూడు గంటలు మాట వింటాయి. ఆ తర్వాత పొమ్మంటాయి. రోజుకు మూడు గంటలే నాకున్నది. ఆ మూడింటిలో దుంప ఒలిస్తే ఒక గంట పోయె. పిల్లాణ్ణి ఎత్తుకుంటే భుజం పట్టేసి ఇంకో గంట పోయె. మీటింగులో అరిస్తే గుండె దడ తగ్గేసరికి పొద్దుపోయె. అందుకని ఒక్కొక్కటే మానేశాను. పాట మానేసినప్పుడు మాత్రం ఏడ్చాను."

రూత పెన్ను కిందపెట్టేసింది. గడి నిండా తను టిక్కులు పెట్టిందే, ఆ టిక్కులన్నీ ఒక్క పని కోసం చేసిన ఖర్చు! లోకాన్ని వదులుకున్న మనిషి కాదీమె. లోకంలో ఒకే ఒక్కదాన్ని పట్టుకోడానికి రెండు చేతులూ ఖాళీ చేసుకున్న మనిషి.

"శుక్రవారం కూడా అందుకే నోరెత్తలేదా?"

"మకెరీతాతో గొడవ పడితే మూడ్రోజులు చేతులు వణుకుతాయి. అంత ఖర్చు పెట్టలేను. పైగా అది నోటితో చెప్పేది కాదు." ఆమె చేతులు తుడుచుకుని, మిగిలిన పాయల కట్టలోంచి కొన్ని తీసి, అరచెయ్యంత ముక్క అల్లడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంది. "చూపు తగ్గేకొద్దీ పాత వెడల్పు పాయ చేతికి మొద్దుగా తగిలేది. కంటితో చూసేటప్పుడు తెలీలేదు, వేలితో చూస్తే తెలిసింది, అది ముతకని. సన్నంగా చీల్చాను. సన్నపాయలైతే చాప కుదించుకుపోతుంది కదా, వెడల్పు తగ్గకుండా మధ్యమధ్యలో కొత్త పాయ చేర్చాలి. చేర్చినట్టు తెలియకుండా చేర్చాలి. అది రావడానికి నాలుగేళ్ళు పట్టింది. పోయిన ఏడాదికి గానీ చేతికి పూర్తిగా పట్టుబడలేదు."

ఒక పాయ కొసను మూడుసార్లు బొటనవేలితో రుద్దింది. ఊపిరి బిగబట్టింది. వేళ్ళు ఒక్కసారి నెమ్మదించి, దాటి, మళ్ళీ వేగం అందుకున్నాయి. "ఇప్పుడొకటి చేరింది. ఎక్కడో చెప్పు."

రూత ముక్కను వెలుగుకు పట్టి చూసింది. గోటితో గీకింది. పెదవికి ఆనించి చూసింది. తనది ఇరవై ఐదేళ్ళ కన్ను, ఇరవై ఐదేళ్ళ చర్మం. ఏమీ దొరకలేదు. పదమూడేళ్ళు వరసగా వారాల లెక్క తప్పని మనిషిని, నూట తొంభై సార్లు ఇలా ఊపిరి బిగబట్టిన మనిషిని, తను ఒక కాగితంతో కొలిచింది.

"గత ఏడాదిలో కొత్తగా నేర్చుకున్నదేమిటి" అని ఎవరినీ అడగనట్టుగా గొణిగి, మరుక్షణం లేచి పరుగెత్తింది. మకెరీతా సోమవారం పొద్దున్నే విప్పుతానంది.

*

మకెరీతా ఇంట్లో సన్నచాప ఈ చివరనుంచి ఆ చివరకు పరిచి ఉంది. మోకాళ్ళమీద వంగి, అంచువెంట వేలు జరుపుతూ ఉందామె. పక్కనే కత్తెర. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"విప్పేశారా?"

"దేన్ని విప్పనే?" తల ఎత్తకుండానే అంది మకెరీతా. "ఆదివారం గుడి మానేసి మరీ కూచున్నాను. ఎక్కణ్ణించి విప్పాలో తెలియాలిగా."

"అమ్మమ్మకు మార్కులు నేనే తప్పు వేశాను. వారం సరిగ్గానే..."

"మార్కులు నీ దగ్గర పెట్టుకో. ఇలా రా. చెయ్యి ఇయ్యి." రూత చెయ్యి పట్టి చాప మొదటి అంచుమీద పెట్టి, నెమ్మదిగా ముందుకు నడిపించింది. ఎనిమిదేళ్ళ పొడవు. మొదట్లో గరుకు, మంచి చాపల్లో ఉండే గరుకే. తర్వాత్తర్వాత అది అరిగిపోతూ వచ్చింది. సగం దాటాక పసిపిల్లల వీపులా ఉంది. చివరికొచ్చేసరికి వేళ్ళకింద ఏమీ లేనట్టే ఉంది.

"తప్పయితే గుచ్చుకుంటుంది" అంది మకెరీతా. "తప్పన్నది ఎక్కడున్నా వేలికి ముల్లులా తగులుతుంది. నలభై రెండేళ్ళుగా అల్లుతున్నాను, ఇన్ని చాపలు పట్టుకున్నాను. నూట తొంభై చోట్ల పాయ చేరిందే పిల్లా, నాకు ఒక్కటి, ఒక్క చోటు దొరకలేదు! కళ్ళు కనపడని మనిషి అల్లింది. నా మేనత్త. నేను... దీన్ని విప్పుతానన్నాను. పదిమందిలో అన్నాను."

ఆమె కత్తెరను కాలితో దూరంగా తోసేసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఊరంతా జడిసే మనిషి అలా కూలబడితే ఏం చెయ్యాలో రూతకు తెలియలేదు. పక్కన కూర్చుని చాప చుట్టడానికి సాయం పట్టింది.

దారిలో ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి చూశారు. మకెరీతా చాపను భుజాన వేసుకుని నడుస్తోంది, ఎవరినీ పలకరించట్లేదు. ఫువాతినో ఇంటి ముందు చెప్పులు విడిచి, నడుం బాగా వంచుకుని లోపలికి వెళ్ళి, చాపను ఆమె ఒడి ముందు పరిచింది. తల నేలకు ఆనించింది.

"లే లే. మోకాళ్ళు అరిగిపోతాయి" అంది ఫువాతినో. అరచెయ్యి చాపమీద ఈ మూలనుంచి ఆ మూలకు తిప్పింది. ఎక్కడా విప్పలేదని తెలిశాక ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంతసేపటిదో రూతకు అప్పుడు అర్థమైంది. నిమ్మళంగా ఉంది, నిమ్మళంగా ఉంది అనుకున్నారంతా. మూడ్రోజులుగా ముసలామె భయంతో చచ్చిపోతూనే ఉంది. చేతులకోసం ఆ భయాన్ని కూడా అణిచిపెట్టుకుంది.

"నవంబరుకు అవుతుందా అత్తా?"

"అవదు. మార్చికి అవుతుంది."

"అయితే పెద్దరికం మార్చిలో కడతాం. అన్నయ్యకు నేను చెప్తాను. కాదంటే వాడి సంగతి నేను చూస్తాను." మకెరీతా కళ్ళు తుడుచుకుంది. బడిపిల్లలా చేతులు ముందుకు చాచింది. "నాకు నేర్పుతావా? ఆ చేర్చడం."

ఫువాతినో ఆ చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. వేళ్ళ కొసలు నొక్కింది. బొటనవేలి కణుపులు తిప్పి చూసింది. ఆ ఒడ్డున ఎదురులేని పనిమంతురాలి చేతులను, సంతలో కాయ పండిందో లేదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపింది.

"ఇంకా పచ్చివే తల్లీ. కళ్ళు కూడా బాగా కనిపిస్తున్నాయి నీకు. ఒక ఇరవై ఏళ్ళు పోనీ."

మకెరీతాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. తర్వాత నడుముకు చుట్టుకున్న గుడ్డ బిగించి, కొత్తగా అల్లిక నేర్చుకునే ఆడపిల్లలు నేర్పేవాళ్ళకు ఎడమపక్కన కూర్చునే చోటులో చతికిలబడి, మొగలి ఆకు చీల్చడం మొదలుపెట్టింది.